శుక్రవారం దాకా చెల్లుతుంది

ఫర్వానియాలో జిరాక్సు కొట్టు మూశాక
మెట్ల కింది గదిలో,
ఏసీ నీళ్ళు బకెట్లోకి బొట్టుబొట్టుగా దిగుతుంటే
నేనొక వాకిలి కట్టడం మొదలుపెట్టాను.

మా రాజంపేట వైపు వాళ్ళు
నెలకో దీనారు వేసుకునే సాయనిధికి అది వాకిలి.
ఒకరికి పని పోతే, ఒకరు మంచాన పడితే,
ఒకరు పెట్టెలో ఇంటికి పోవాల్సి వస్తే
ఆ పూట పేరు కోసం వెతుక్కోకుండా ఉండాలని.

పేరు. ఇంటిపేరు. ఈమెయిలు. పాస్‌వర్డు.
పక్కన ఎర్ర చుక్కలు, ఖాళీగా వదలొద్దని.
నొక్కగానే ఒక ఉత్తరం పోతుంది,
అందులో ముప్పై రెండు అక్షరాల తాళంచెవి.
ఇరవై నాలుగు గంటల్లో తిప్పకపోతే
అర్ధరాత్రి చీపురొకటి వచ్చి ఆ పేరును ఊడ్చేస్తుంది.
చీపురునూ నేనే రాశాను. మూడే వరుసలు.
అందరూ అట్లాగే రాస్తారని నేర్చుకున్నా.

పాస్‌వర్డును మాత్రం దాచలేదు.
నూరి, ఆ పొడిని దాచాను.
పొడిలోంచి గింజ మళ్ళీ రాదు,
నేనడిగినా రాదు, నన్ను కొట్టి అడిగినా రాదు.
నా పాస్‌పోర్టు కఫీల్ సొరుగులో
ఫొటోతో సహా నిండుగా ఉంది.
అందుకేనేమో
ఆ నాలుగు వరుసలు రాసిన రాత్రి ఒళ్ళెరక్కుండా నిద్రపోయా.

సాల్మియాలో వంటచేసే ఓబులమ్మక్క చేరింది.
మంగఫ్‌లో క్రేన్ నడిపే మస్తాన్‌వలి
రెండుసార్లు చేరి, రెండుసార్లూ పాస్‌వర్డు మర్చిపోయాడు.
నలభై ఒకటో వరుసలో పెంచలయ్య.
ఇంటిపేరు: లేదు.
పాస్‌పోర్టులోనే లేదట.
ఎర్ర చుక్క వదలకపోతే ఉన్నమాటే కొట్టాడు.
నా ఉత్తరం అతనికిట్లా పోయింది:
"ప్రియమైన పెంచలయ్య లేదు గారికి,
మీరు మీరేనని నిర్ధారించండి."

నిర్ధారించలేదు. చీపురు ఊడ్చింది.
మళ్ళీ చేరాడు. మళ్ళీ ఊడ్చింది.
మూడోసారి, పదకొండున్నరకు,
చీపురును ఆపి కూర్చున్నా.

రెండు రోజులకు ఫోను.
"నేనేబ్బా, వఫ్రా టమేటా తోటలో ఉండేది.
ఆ మెయిలు నాకాడ తెరుచుకోదు.
ఊర్లో సెల్‌షాపు పిల్లోడు చేసిచ్చినాడు, తాళం వానికాడే ఉండాది.
పెండ్లికి పోయి నిన్న వచ్చి చదివినాడు.
అట్టపెట్టె మీద రాసుకున్న్యా. చెప్పాల్నా?"

చెప్పమన్నా.

"ఏడు. ఎఫ్, ఫహాహీల్ ఎఫ్. మూడు. సున్నా.
ఎ అంటే అహ్మదీ. డి అంటే దజీజ్,
ఆడ గోడౌన్లో మూటలు మోసినా ఒక ఎండాకాలం.
తొమ్మిది. బి, బనీద్ అల్‌గార్, మా సెల్లెలుండేది.
మళ్ళా ఎ, ఈ తూరి అబ్దలీ అనుకో.
ఇప్పుడు సి."
కాసేపు మాట్లాడలేదు. వెనకాల మోటారు చప్పుడు.
"సి తో ఈడ నాకు ఊరు తెల్దు.
కడప అనుకో. రైల్వే బోర్డు మీద ముందు సి తోనే ఉండ్లా?"

ముప్పై రెండూ చెప్పాడు. ఒక్కటీ తప్పిపోలేదు.
గడువు మొన్న రాత్రే తీరింది.
ఆ మాట నేను చెప్పలేదు.
అతని వరుసలో సున్నా చెరిపి
నా చేత్తో ఒకటి వేశాను.
అట్లా వేయకూడదని తెలుసు.
రేపింకెవరో గొంతు మార్చి అడిగితే వేస్తానా? వేయను.
కానీ కడప సి అన్నవాడు
ఇంకొకడెట్లా అవుతాడు?

తెల్లారేలోపు ఇంటిపేరు పక్క చుక్క తీసేశాను.
ఇరవై నాలుగును నూట తొంభై రెండు చేశాను.
ఎనిమిది రోజులు.
ఏ రోజు చేరినా నడుమ ఒక శుక్రవారం తగులుతుంది,
తోటలోంచి ఎవరి బండి వెనకో ఎక్కి
మాలియా బస్టాండు దాకా వచ్చి
ఎవరి ఫోనో అడుక్కునే తీరిక.

ఒకటి మర్చిపోయా.
ఒకటో తారీఖు రసీదులు వాటంతటవే పోయాయి:
"ప్రియమైన పెంచలయ్య లేదు గారికి,
మీ దీనారు ముట్టింది."